డ్రేక్స్ బే పింగాణీ ముక్కలు

పదహారో శతాబ్దంలో ఇంగ్లండు, స్పెయిన్ ఓడలు కొట్టుకున్న కథ అనగానే ఎవరికైనా 1588 నాటి ఆర్మడానే గుర్తొస్తుంది. కలే రేవు ముందు నిప్పంటించి వదిలిన ఓడలు, చెదిరిపోయి ఉత్తరంగా తిరిగి ఐర్లండు రాళ్లకు కొట్టుకుని పగిలిన స్పానిష్ ఓడలు. అది అట్లాంటిక్ కథ. దానికి పసిఫిక్ వైపు ఇంకో సగం ఉంది. కాలిఫోర్నియాలో నేనుండే ఫ్రీమాంట్ నుంచి కారులో వెళ్లి పొద్దుగూకేలోగా చూసి రావచ్చు. 880 హైవే మీద ఉత్తరానికి పోయి, 580 పట్టుకుని రిచ్‌మండ్ వంతెన దాటితే అక్కడ మొదలయ్యే రోడ్డు పేరు సర్ ఫ్రాన్సిస్ డ్రేక్ బులవార్డ్. ఊళ్లు, రెడ్‌వుడ్ చెట్లు, పాడి పొలాలు దాటుకుంటూ అది పాయింట్ రేయస్ దీపస్తంభం దగ్గర ఆగుతుంది. సముద్రంలోకి పొడుచుకొచ్చిన ఆ కొనకు లోపలి వైపున్న అఖాతమే డ్రేక్స్ బే. 1579లో ఒక ఇంగ్లిష్ ఓడ అక్కడ ఆగి, నీళ్లు కారుతున్న అడుగును బాగుచేసుకుని క్షేమంగా వెళ్లిపోయింది. 1595లో అక్కడే ఒక స్పానిష్ ఓడ ముక్కలైంది. ఈ రెండింటినీ వేరువేరు కథలుగా చెబుతుంటారు. నేను మాత్రం ఒకే కథగా చదువుతాను. మొదటి ఓడలాంటివి రాకపోయి ఉంటే రెండో ఓడకు అక్కడ లంగరు వేసే పనే ఉండేది కాదు.

నేను పుట్టింది బందరులో. ఉద్యోగమంతా ఇక్కడే, చిప్పులకు వేసే సిరామిక్ తొడుగులు పరీక్షించే పనిలో గడిచింది. పగిలిన ముక్కను మైక్రోస్కోపు కింద పెట్టి అది ఎప్పుడు పగిలింది, ఎందుకు పగిలింది, పగిలాక దాని మీద ఏం జరిగింది అని చెప్పడమే నా జీతం. అందుకేనేమో డ్రేక్స్ బే గురించి చదవడం మొదలుపెట్టినప్పుడు నన్ను పట్టుకున్నవి వీరగాథలు కావు, పింగాణీ ముక్కలు. ఆ తీరంలో పాత జనావాసాల దిబ్బలు తవ్వినప్పుడల్లా నీలం రంగు గీతలున్న చైనా పింగాణీ పెంకులు బయటపడ్డాయి. చైనాలో కాల్చిన పళ్లేలు పదహారో శతాబ్దపు కాలిఫోర్నియా ఆదివాసుల ఇళ్ల మధ్యకు ఎలా వచ్చాయి? జవాబు కావాలంటే డ్రేక్ దగ్గర మొదలుపెట్టాలి.

ఫ్రాన్సిస్ డ్రేక్‌కు స్పెయిన్ మీద పగ 1568 నాటిది. అప్పుడతను కుర్రవాడు. బంధువు జాన్ హాకిన్స్‌తో కలిసి ఆఫ్రికా మనుషులను పట్టుకుని కరీబియన్‌లో అమ్మే వ్యాపారంలో ఉన్నాడు. ఆ ప్రయాణంలో మెక్సికో తీరాన సాన్ హువాన్ దె ఉలూవా రేవులో స్పానిష్ నావికాదళం వాళ్ల ఓడల మీద పడింది. హాకిన్స్ ఒక ఓడలో, డ్రేక్ ఇంకో ఓడలో తప్పించుకున్నారు, మిగతావాళ్లు చాలామంది అక్కడే పోయారు. తర్వాత డ్రేక్ స్పెయిన్ సొమ్ము మీద చేసిన ప్రతి దాడికీ ఈ రేవునే సాకుగా చూపించాడు. మనుషులను అమ్మబోయినవాడు తనకు అన్యాయం జరిగిందని మిగతా జీవితమంతా చెప్పుకున్నాడు. ఈ సంగతి పక్కన పెట్టి అతన్ని మెచ్చుకోవడం నాకు చేతకాదు.

1577 డిసెంబరులో 5 ఓడలతో ప్లిమత్ నుంచి బయలుదేరాడు. మెజెల్లన్ జలసంధి దాటి పసిఫిక్‌లోకి వచ్చాక తుపానుకు ఒక ఓడ మునిగింది, ఇంకొకటి వెనక్కి తిరిగి ఇంటికి పోయింది. చివరికి మిగిలింది గోల్డెన్ హైండ్ ఒక్కటే. అప్పటిదాకా పసిఫిక్ స్పెయిన్ సొంత చెరువులాంటిది. అక్కడ శత్రువు ఎదురవుతాడని ఎవరూ అనుకోలేదు, అందుకే వెండి మోసే ఓడలకు కూడా సరైన ఫిరంగులు ఉండేవి కావు. 1579 మార్చి 1న ఇప్పటి ఈక్వడార్ తీరంలో డ్రేక్ పట్టుకున్న ఓడ పేరు నుయెస్త్ర సెన్యోర దె లా కొన్సెప్సియోన్. పగలే దగ్గరికి పోతే అనుమానిస్తారని, తెరచాపలు దించకుండానే వెనకాల జాడీలు తాళ్లతో కట్టి నీళ్లలో ఈడ్పించాడు. చూసేవాళ్లకు సరుకు బరువుతో కుంటుతున్న వర్తక ఓడలా కనిపించింది. చీకటి పడ్డాక తాళ్లు కోసి మీద పడ్డాడు. ఒక గుండు దెబ్బకు వెనక కొయ్య విరిగింది, కెప్టెన్ సాన్ హువాన్ దె అంతోన్ లొంగిపోయాడు. 26 టన్నుల వెండి, 80 పౌండ్ల బంగారం, 13 పెట్టెల నాణేలు. సరుకు ఒక ఓడ నుంచి ఇంకో ఓడకు మార్చడానికే రోజులు పట్టింది.

ఆ లోహమంతా గోల్డెన్ హైండ్ అడుగున చేరింది. అసలే చిన్న ఓడ, ఏడాదికి పైగా ఉప్పునీళ్లలో నానిన చెక్క. ఆ బరువు మీద సందులు విచ్చుకుని నీళ్లు కారడం మొదలైంది. వచ్చిన దారినే తిరిగి వెళదామంటే స్పానిష్ ఓడలు కాచుకుని ఉంటాయి. ఎదురుగా పసిఫిక్ మొత్తం దాటాలి. అంతకుముందే ఎక్కడో ఓడను ఒడ్డుకు చేర్చి, సరుకంతా దించి, పక్కకు వంచి అడుగు సందులు పూడ్చుకోవాలి.

ఉత్తరానికి వస్తూ ఏప్రిల్‌లో మధ్య అమెరికా తీరం దగ్గర దోన్ ఫ్రాన్సిస్కో దె సారతె అనే స్పానిష్ దొర ప్రయాణిస్తున్న ఓడను పట్టుకున్నాడు. మన కథకు అసలు ముడి ఇదే. ఆ ఓడలో బంగారం పెద్దగా లేదు. మనీలా మీదుగా వచ్చిన చైనా పట్టు, 4 పెట్టెల పింగాణీ ఉన్నాయి. డ్రేక్ వాటిని తీసుకుని, బదులుగా సారతెకు ఒక కత్తి, చిన్న వెండి కుంపటి ఇచ్చాడు. విడుదలయ్యాక సారతె రాసిన ఉత్తరం డ్రేక్‌ను దగ్గర నుంచి చూసినవాడి సాక్ష్యం. 35 ఏళ్ల వయసు, పొట్టి మనిషి, గడ్డం ఎర్రటి ఛాయ; వెండి పళ్లేల్లో భోంచేస్తుంటే పక్కన తీగ వాద్యాలు వాయిస్తారు; మనుషులు భయపడతారు, గౌరవిస్తారు.

జూన్ 17న, 38 డిగ్రీల అక్షాంశం దగ్గర, ఒక రేవులోకి గోల్డెన్ హైండ్ వచ్చింది. జూలై 23 దాకా అక్కడే ఉంది. వాళ్లు రాసిపెట్టుకున్న గుర్తులు చూడండి. సముద్రం వైపు తెల్లటి కొండ అంచులు. అందుకే ఆ నేలకు న్యూ ఆల్బియన్ అని పేరు పెట్టుకున్నారు. జూన్ నెలలో ఎముకలు కొరికే చలి, రోజుల తరబడి విడవని మంచు. లోపలికి వెళితే మాత్రం పచ్చటి నేల, జింకల మందలు. బే ఏరియాలో ఉండేవాళ్లెవరికైనా ఈ వర్ణన కొత్తగా ఉండదు. జూన్‌లో ఫ్రీమాంట్‌లో ఎండ కాస్తుంటే పాయింట్ రేయస్‌లో స్వెట్టరు లేకుండా నిలబడలేం. ఈ అఖాతం గట్టున తెల్లటి కొండలు ఇప్పటికీ ఇంగ్లండు దక్షిణ తీరపు కొండల్లాగే ఉన్నాయి.

డ్రేక్ దిగింది ఎక్కడన్న తగువు వందేళ్లకు పైగా నడిచింది. శాన్ ఫ్రాన్సిస్కో అఖాతం లోపలే అన్నవాళ్లు, బొలీనస్ అన్నవాళ్లు, ఆరెగాన్ తీరం అన్నవాళ్లు ఉన్నారు. ఓడలోని ప్రీస్టు ఫ్లెచర్ నోట్సు ఆధారంగా వచ్చిన పుస్తకంలో అక్కడి మనుషుల గురించి ఉన్న వివరాలు ఈ తగువులో గట్టి ఆధారం. ఈకలు కలిపి అల్లిన, నీళ్లు కారని బుట్టలు, ఈకల కిరీటాలు, జింక తోళ్ల బట్టలు, గొయ్యిలా తవ్వి పైన మట్టి కప్పిన గుండ్రటి ఇళ్లు. బర్క్‌లీ యూనివర్సిటీ మానవ శాస్త్రజ్ఞులు క్రోబర్, తర్వాత హైజర్ వీటిని, ఓడవాళ్లు రాసుకున్న కొన్ని మాటలను పరిశీలించి, ఇవి కోస్ట్ మివోక్ జనానివేనని తేల్చారు. ఆ జనం ఉండింది ఇప్పటి మరీన్ కౌంటీ, దక్షిణ సొనోమా నేలలో. 2012లో అమెరికా ప్రభుత్వం డ్రేక్స్ బేను జాతీయ చారిత్రక స్థలంగా ప్రకటించింది. ఆ ప్రకటనలో డ్రేక్ పేరూ ఉంది, 1595లో మునిగిన ఓడ పేరూ ఉంది.

డ్రేక్ 1580 సెప్టెంబరులో భూమి చుట్టి ఇల్లు చేరాడు. అతని దారిన ఇంకో కుర్రవాడు బయలుదేరాడు, థామస్ కావెండిష్. 1586లో 3 చిన్న ఓడలతో ప్లిమత్ వదిలి, 1587 నవంబరులో బాహా కాలిఫోర్నియా కొన కాబో సాన్ లూకస్ దగ్గర మాటు వేశాడు. అతను కాచుకున్నది మనీలా గాలియన్ కోసం. ఏడాదికి ఒకటో రెండో ఓడలు చైనా పట్టు, పింగాణీ, సుగంధ ద్రవ్యాలు నింపుకుని మనీలా నుంచి అకపుల్కోకు వచ్చేవి. ఆ ఏడాది వచ్చినది సాంత అన, 600 టన్నుల ఓడ. కావెండిష్ దగ్గరున్న పెద్ద ఓడ డిజైర్ 120 టన్నులే. అయినా సాంత అనలో ఒక్క ఫిరంగి లేదు. పసిఫిక్‌లో శత్రువులు ఉండరన్న పాత ధీమా, డ్రేక్ వచ్చి పోయాక కూడా పోలేదు. ఓడమీది వాళ్లు బల్లేలతో, పైనుంచి విసిరిన రాళ్లతో గంటల తరబడి పోరాడి, నీటి మట్టం దగ్గర గుళ్లు పడ్డాక లొంగిపోయారు.

కావెండిష్ బంగారం, మేలైన పట్టు ఏరుకున్నాడు. తన ఓడల్లో పట్టినంత పట్టింది, మిగిలిన వందల టన్నుల సరుకుతో సహా సాంత అనకు నిప్పుపెట్టాడు. మనుషులను, దాదాపు 190 మందిని, ఒడ్డున దింపి వెళ్లిపోయాడు. అప్పుడు జరిగింది నాకు ఈ మొత్తం కథలో అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం. కాలుతున్న ఓడ కొట్టుకుని ఒడ్డుకు వచ్చింది. దింపబడ్డవాళ్లు మంటలు ఆర్పి, మిగిలిన అడుగు భాగాన్ని అతుకు వేసి, ఆ మొండి ఓడలోనే అకపుల్కో చేరుకున్నారు. బతికొచ్చిన వాళ్లలో సరుకంతా పోగొట్టుకున్న వర్తకుడు సెబస్తియాన్ విస్కైనో ఉన్నాడు. పోర్చుగీసు మనిషి సెబస్తియాన్ రొద్రీగెస్ సెర్మెన్యో కూడా ఆ ఓడలో దారి చూపించేవాడిగా ఉన్నాడని చరిత్రకారులు రాశారు. ఈ రెండు పేర్లు గుర్తుంచుకోండి.

కావెండిష్ 1588 సెప్టెంబరులో ప్లిమత్ తిరిగి వచ్చాడు. అదే వారాల్లో ఆర్మడా ఓడలు ఐర్లండు పడమటి తీరంలో ఒక్కొక్కటే పగిలిపోతున్నాయి. అక్టోబరు చివర్లో జిరోనా అనే ఓడ, మునిగిన వేరే ఓడల మనుషులను కూడా ఎక్కించుకుని, ఆంట్రిమ్ తీరంలో రాళ్లకు కొట్టుకుంది. దాదాపు 1,300 మందిలో బతికింది పదిమంది లోపే. 1967లో రొబేర్ స్టెన్యూయి అనే బెల్జియం గజ ఈతగాడు ఆ చోటు కనిపెట్టి, కెంపులు పొదిగిన బంగారు బల్లి ఆకారపు పతకంతో సహా ఎన్నో వస్తువులు పైకి తెచ్చాడు. అవి బెల్‌ఫాస్ట్ మ్యూజియంలో ఉన్నాయి. డ్రేక్స్ బే ఓడకు అలాంటి అదృష్టం పట్టలేదు.

మనీలా నుంచి అకపుల్కో దారి 1565లో ఉర్దనేత అనే నావికుడు కనిపెట్టినది. గాలుల కోసం జపాన్ అక్షాంశాల దాకా ఉత్తరానికి ఎక్కి, అక్కడి నుంచి తూర్పుగా పసిఫిక్ దాటి కాలిఫోర్నియా చూసి, తీరం వెంబడి దక్షిణానికి దిగాలి. నాలుగు నుంచి ఆరు నెలలు. కాలిఫోర్నియా కొండలు కనిపించేసరికి సగం మంది చిగుళ్లు కుళ్లి మంచం పట్టి ఉండేవారు. మంచినీళ్లు దొరికే రేవు ఒకటి మధ్యలో ఉంటే ప్రాణాలు నిలుస్తాయన్నది పాత మాటే. సాంత అన తగలబడ్డాక దానికి ఇంకో కారణం తోడైంది: కాబో సాన్ లూకస్‌లో ఇంగ్లిష్ దొంగ కాచుకుని ఉంటే ముందే తెలుసుకుని ఆగడానికి ఒక చోటు కావాలి. మెక్సికో వైస్రాయి లూయిస్ దె వెలాస్కో ఆ రేవు వెతికే పని సెర్మెన్యోకు అప్పగించాడు. ఖజానాకు ఖర్చు తగ్గుతుందని, వేరే ఓడ ఇవ్వకుండా సరుకుతో వచ్చే గాలియన్‌తోనే ఆ పని చేయించారు. నా దృష్టిలో జరిగిన నష్టానికంతా మూలం ఈ పొదుపే.

ఆ గాలియన్ పేరు సాన్ అగుస్తీన్, దాదాపు 200 టన్నుల ఓడ. 1595 జూలైలో మనీలా వదిలి, నవంబరు 6న డ్రేక్స్ బేలో లంగరు వేసింది. లోతు లేని చోట్ల వెతకడానికి ఒక చిన్న పడవను విడి భాగాలుగా తెచ్చుకున్నారు. ఒడ్డున మకాం వేసి దాన్ని బిగించడం మొదలుపెట్టారు. సెర్మెన్యో ఆ అఖాతానికి శాన్ ఫ్రాన్సిస్కో అని పేరు పెట్టాడు. నవంబరు చివర తుపాను వచ్చి ఓడను ఒడ్డుకు విసిరికొట్టింది. కొందరు మునిగి చనిపోయారు. పట్టు, పింగాణీ, తిండి గింజలు, అన్నీ పోయాయి.

అదే అఖాతంలో డ్రేక్ ఐదు వారాలు నిశ్చింతగా ఎలా ఉండగలిగాడు? మ్యాపు తీసి చూస్తే తెలిసిపోతుంది. పాయింట్ రేయస్ కొన వాయవ్యం నుంచి వచ్చే గాలిని అడ్డుకుంటుంది. వేసవంతా ఇక్కడ వీచేది ఆ గాలే. అఖాతం నోరు మాత్రం దక్షిణానికి తెరుచుకుని ఉంది, చలికాలపు తుపాన్లు ఆ దిక్కు నుంచే వస్తాయి. డ్రేక్ జూన్‌లో వచ్చాడు. పైగా ఓడను అఖాతంలో వదలకుండా లోపలి ఉప్పుటేరులోకి తీసుకుపోయాడని చాలామంది పరిశోధకుల అభిప్రాయం. సెర్మెన్యో నవంబరులో, బయటే లంగరు వేశాడు. బందరు మనిషికి ఇది విడమరచి చెప్పనక్కర్లేదు. మా తాతయ్య రేవు దగ్గర గుమాస్తాగా పనిచేసేవాడు. ఆశ్వయుజం, కార్తీకాల్లో బందరు సముద్రాన్ని నమ్మకూడదనేవాడు. పెద్ద ఓడలు ఒడ్డుకు మైళ్ల దూరంలో, ఏ చాటూ లేకుండా ఆగాల్సిన రేవు మాది. 1864 నవంబరు 1 రాత్రి ఉప్పెన బందరులో దాదాపు 30,000 మందిని మింగింది. రేవుకు గాలి దిక్కు, నెల రెండూ కలిస్తేనే అర్థం. మనీలా నుంచి వచ్చినవాళ్లకు ఆ తీరంలో నవంబరు ఎలా ఉంటుందో చెప్పగలిగినవాళ్లు అక్కడే ఉన్నారు, మివోక్ జనం. అడగడానికి భాష లేదు.

బిగించి ఉన్న ఆ చిన్న పడవే దిక్కయింది. పేరు సాన్ బుయెనవెంతూర. డెబ్భై మందికి పైగా అందులో ఇరుక్కుని డిసెంబరు 8న దక్షిణానికి బయలుదేరారు. దారి బత్తెం మివోక్ వాళ్లు ఇచ్చిన సింధూర గింజలు. ఆ స్థితిలోనూ సెర్మెన్యో తీరం గమనిస్తూ, రాసుకుంటూ వెళ్లాడు, జనవరిలో మెక్సికో చేరాడు. ఇప్పటి శాన్ ఫ్రాన్సిస్కో అఖాతానికి నోరైన గోల్డెన్ గేట్ మాత్రం కనిపించలేదు. డ్రేక్ కూడా చూడలేదు. ఫరలోన్ దీవుల దాకా వెళ్లి వేటాడి అటునుంచే పసిఫిక్ పట్టాడు. ఆ జలసంధి వెడల్పు మైలు పైచిలుకే. సముద్రం మీంచి చూస్తే వెనక ఏంజెల్ ఐలండ్, దాని వెనక బర్క్‌లీ కొండలు సందును మూసేసినట్టు ఉంటాయి. దానికి తోడు మంచు. ఫరలోన్ రాళ్లకు భయపడి ఓడలు దూరంగా పోయేవి. అలా రెండు వందల ఏళ్ల పాటు మనీలా గాలియన్లు ఈ తలుపు ముందు నుంచే పోయాయి.

సరుకు పోగొట్టుకున్న మనీలా వర్తకులు గోల పెట్టారు. కొత్త వైస్రాయి మొంతెర్రేయ్ ప్రభువు ఇకమీద సరుకు ఓడలతో అన్వేషణ వద్దని తేల్చి, 1602లో అకపుల్కో నుంచి తేలిక ఓడలు పంపాడు. నాయకుడు విస్కైనో, సాంత అనలో సర్వం పోగొట్టుకున్న ఆ వర్తకుడే. వైస్రాయి పేరునే మాంటెరే అఖాతానికి పెట్టాడు. 1603 జనవరి 6న, క్రైస్తవుల ముగ్గురు రాజుల పండుగ నాడు చేరినందుకు, పాయింట్ రేయస్‌కు ఆ పేరు వచ్చింది. సెర్మెన్యోతో పనిచేసిన బొలాన్యోస్ విస్కైనో ఓడల్లో ఉన్నాడు. సాన్ అగుస్తీన్ సరుకు ఏమైనా మిగిలిందేమో చూద్దామని ఆగారు, వట్టి చేతులతో వెళ్లారు. ఓడ అడుగు ఇప్పటికీ దొరకలేదు. నేషనల్ పార్క్ సర్వీసు వాళ్లు అయస్కాంత పరికరాలతో ఆ అఖాతం గాలించారు.

దొరికినవి పెంకులే. 1940ల నుంచి బర్క్‌లీ తవ్వకాల్లో మివోక్ దిబ్బల్లో అవి, ఓడ మేకులు బయటపడుతూ వచ్చాయి. మొదట్లో అన్నీ సాన్ అగుస్తీన్‌వే అనుకున్నారు. చైనా పింగాణీ నిపుణుడు క్లారెన్స్ షాంగ్రా, నావిక చరిత్ర పరిశోధకుడు ఎడ్వర్డ్ వాన్ డర్ పోర్టెన్ వాటన్నిటినీ ముందేసుకుని రెండు కుప్పలుగా విడదీశారు. ఒక కుప్పలోని ముక్కల అంచులు కత్తిలా ఉన్నాయి, మెరుపు తగ్గలేదు. రెండో దాంట్లో అంచులు అరిగి, మెరుపు మాసిపోయి ఉంది. మొదటివి డ్రేక్ ఓడ నుంచి పొడిగా ఒడ్డుకు దిగినవి, అంటే సారతె ఓడలోని ఆ 4 పెట్టెల్లోవి. రెండోవి పగిలిన సాన్ అగుస్తీన్ నుంచి అలల్లో దొర్లి వచ్చినవి అని వాళ్ల నిర్ణయం. నమూనాల్లో, పనితనంలో కూడా తేడా ఉందన్నారు.

నా పని అనుభవంతో చెబుతున్నాను, ఈ తర్కంలో భౌతిక శాస్త్రం గట్టిగా ఉంది. పింగాణీని 1,300 డిగ్రీల దాకా కాలుస్తారు, లోపల గాజులా అల్లుకుపోతుంది. పగిలినప్పుడు చీలిక శంఖం లోపలి వంపులా సాగుతుంది, అంచు చర్మం కోసేంత పదునుగా వస్తుంది. మట్టిలో పడి ఉంటే ఆ పదును శతాబ్దాలైనా పోదు. పైపూత కన్నా ఇసుకలోని క్వార్ట్జ్ గట్టిది. కాబట్టి అలల్లో దొర్లిన ముక్క మీద ముందు సన్నటి గీతలు పడతాయి, తర్వాత మెరుపు పోతుంది, తర్వాత అంచు గుండ్రమవుతుంది. ఆ ముక్క అబద్ధం చెప్పలేదు. అయితే అరగని ముక్కలన్నీ డ్రేక్‌వే అనడానికి ఇంకో మెట్టు ఎక్కాలి. సాన్ అగుస్తీన్ పెట్టె ఒకటి పగలకుండా ఒడ్డుకు చేరి, తర్వాత జనం చేతుల్లో పగిలి ఉండొచ్చు కదా? తుపానుకు ముందే కొన్ని దిగి ఉండొచ్చు కదా? ఈ ప్రశ్నలు వేసినవాళ్లు ఉన్నారు, అవి న్యాయమైనవే. నేను షాంగ్రా, వాన్ డర్ పోర్టెన్ల వైపే మొగ్గుతాను, నమూనాల తేడా కూడా అటే లాగుతోంది కనుక.

అసలు ఆ ముక్కలు ఎవరి ఇళ్లలో దొరికాయన్నది ఈ లెక్కల్లో మరుగున పడిపోయింది. పురావస్తు శాస్త్రజ్ఞుడు మాథ్యూ రసెల్ 2011లో బర్క్‌లీలో చేసిన పరిశోధన ఆ వైపు చూసింది. మివోక్ భాషలో ఈ చోటు తమాల్-హూయె. మునిగిన ఓడ సరుకును అక్కడి జనం ఎలా ఏరుకున్నారు, తమ బతుకులోకి ఎలా తీసుకున్నారు అన్నది అతని ప్రశ్న. సముద్రం తెచ్చిపెట్టిన వింత పెంకులను వాళ్లు దాచుకున్నారు, ఊరి నుంచి ఊరికి చేర్చారు. చెక్క, లోహం, మైనం, పింగాణీ, అన్నీ వాళ్లు ఎంచుకుని తీసుకున్నవే. ఒడ్డుకొచ్చిన ఆకలి మనుషులకు తిండి పెట్టింది కూడా వాళ్లే. వాళ్ల వారసులైన గ్రేటన్ రాంచెరియా తెగకు 2000లో కేంద్ర ప్రభుత్వ గుర్తింపు తిరిగి వచ్చింది. ఎవరైనా వెళితే ఒక్క మాట: ఒడ్డున నీలం గీతల పెంకు కనిపిస్తే తీయకండి. నేరం అన్నది ఒకటి. చోటు నుంచి కదిలిన ముక్కకు సాక్ష్యం విలువ పోతుందన్నది అంతకన్నా పెద్దది.

ముక్కలు నిజం చెబితే, ఒక పలక అబద్ధం చెప్పింది. డ్రేక్ వెళుతూ ఇత్తడి పలక మీద ఇంగ్లండు రాణి పేరు చెక్కించి కొయ్యకు కొట్టించాడని పాత పుస్తకాల్లో ఉంది. 1936లో మరీన్ కౌంటీలో ఒక పలక దొరికింది. బర్క్‌లీ చరిత్ర ఆచార్యుడు హెర్బర్ట్ బోల్టన్ దాన్ని నిజమైనదని ప్రకటించాడు. దాని కోసం జీవితమంతా ఎదురుచూసిన మనిషి. 1970లలో లారెన్స్ బర్క్‌లీ ల్యాబ్ తదితర చోట్ల పరీక్షించాక బండారం బయటపడింది: పదహారో శతాబ్దపు ఇత్తడిలో ఉండేదానికన్నా జింకు ఎక్కువ, మలినాలు మరీ తక్కువ, మందం ఆధునిక యంత్రంలో ఒత్తినట్టు సమంగా ఉంది. 2003లో చరిత్రకారులు అసలు సంగతి బయటపెట్టారు. బోల్టన్ సభ్యుడుగా ఉన్న సంఘంలోని స్నేహితులే సరదాకు చేసిన పని, చేయి దాటిపోయింది. నలభై ఏళ్లు పిల్లల పాఠ్యపుస్తకాల్లో అది చరిత్రగా చెలామణి అయింది. ల్యాబుల్లో బతికినవాడిగా నాకు కోపం తెప్పించే సంగతి ఒక్కటే, మొదటి రోజే సరిగ్గా పరీక్ష చేసి ఉండాల్సింది.

డ్రేక్ పేరు ఇప్పుడు మరీన్‌లో ఒక్కొక్క చోటే తీసేస్తున్నారు. 2020లో లార్క్‌స్పర్‌లో విగ్రహం దించారు. 2021లో శాన్ అన్సెల్మోలో హైస్కూలుకు, ఒలింపిక్ స్వర్ణం గెలిచి అక్కడే పాఠాలు చెప్పిన ఆర్చీ విలియమ్స్ పేరు పెట్టారు. నాకు సబబుగానే తోచింది. అఖాతానికి పేరు ఉండనీ, అక్కడ ఏం జరిగిందో చెప్పే బోర్డు పక్కన ఉండనీ.

ఫ్రీమాంట్‌కు ఈ కథతో ఉన్న చుట్టరికం ఆలస్యంగా కలిసింది. 1769లో మాంటెరే వెతుక్కుంటూ నేల మీద వచ్చిన స్పానిష్ అధికారి పోర్తోలా మనుషులు దారి తప్పి కొండెక్కితే మన అఖాతం కనిపించింది. సెర్మెన్యో తన అఖాతానికి పెట్టిన శాన్ ఫ్రాన్సిస్కో పేరు క్రమంగా జారి దీనికి అంటుకుంది. 1797 జూన్ 11న ఇప్పటి ఫ్రీమాంట్‌లో మిషన్ సాన్ హోసె పెట్టారు, ఒలోని ఆదివాసుల బతుకు అక్కడితో తలకిందులైంది. డ్రేక్ కానీ సెర్మెన్యో కానీ మంచులో ఆ సందును చూసి ఉంటే, కొయోటీ హిల్స్ దగ్గర నత్త గుల్లల దిబ్బలు పేర్చుకుని బతికిన ఊళ్లకు ఆ రెండు వందల ఏళ్ల గడువు దొరికేది కాదు.

ఇక బందరు. ఆర్మడా మీద పోరాడిన ఇంగ్లిష్ ఓడల్లో ఎడ్వర్డ్ బొనవెంచర్ ఒకటి, కెప్టెన్ జేమ్స్ లాంకాస్టర్. 1591లో అదే ఓడలో అతను ఆఫ్రికా చుట్టి హిందూ మహాసముద్రంలోకి వచ్చాడు. 1592లో ఇంగ్లిష్ ఓడలు అజోర్స్ దగ్గర, అప్పుడు స్పెయిన్ రాజు కిందే ఉన్న పోర్చుగల్ ఓడ మద్రె దె దేవుస్‌ను పట్టుకున్నాయి. మిరియాలు, లవంగాలు, మన నేత బట్టలు గుట్టలుగా దిగేసరికి లండన్ వర్తకుల కళ్లు తెరుచుకున్నాయి. 1600 డిసెంబరు 31న ఈస్టిండియా కంపెనీకి అనుమతి పత్రం వచ్చింది, మొదటి ప్రయాణానికి నాయకుడు లాంకాస్టరే. డ్రేక్ తెచ్చిన సొమ్ములో కొంత రాణి లెవాంట్ కంపెనీలో పెట్టిందనీ, దాని లాభాల నుంచే ఈస్టిండియా కంపెనీ పుట్టిందనీ ఆర్థికవేత్త కీన్స్ 1930లో రాశాడు. ఆ లెక్క మరీ సూటిగా ఉందని నాకనిపిస్తుంది, కానీ అందులో పస ఉంది.

1611లో కంపెనీ ఓడ గ్లోబ్ కోరమాండల్ తీరానికి వచ్చింది. పులికాట్‌లో డచ్చివాళ్లు అడ్డుపడితే నిజాంపట్నం మీదుగా ఆగస్టు చివర్లో బందరు చేరింది. గోల్కొండలో మహమ్మద్ కులీ కుతుబ్ షా చివరి రోజులవి. ఈసారి రాళ్లు విసిరినవాళ్లు లేరు, నిప్పు పెట్టినవాళ్లు లేరు. ధర అడిగి, బేరమాడి, కొనాల్సి వచ్చింది. ఆ దశాబ్దాల్లో కంపెనీ తూర్పుకు మోసుకొచ్చినది ఎక్కువగా స్పెయిన్ రియాల్ నాణేలే, పెరూ, మెక్సికో గనుల వెండి. డ్రేక్ ఈక్వడార్ తీరంలో కొల్లగొట్టినదీ ఆ గనుల వెండే. గ్లోబ్‌లో వచ్చిన వర్తకుడు పీటర్ ఫ్లోరిస్ మా ఊళ్లో అద్దకం గుడ్డలు కొని పటానీకి, సయాంకి తీసుకెళ్లి అమ్మాడు.